నాలుగో నంబరు బిళ్ళ

గోదావరిఖనికి చూడ్డానికి ఎవరూ వెళ్ళరు. ఉద్యోగానికి వెళ్తారు, పెళ్ళిచూపులకు వెళ్తారు, దవాఖానలో ఉన్న చుట్టాల్ని పలకరించడానికి వెళ్తారు. నేను ఈ మూడూ కాకుండా వెళ్ళి, ఒక రోజంతా అక్కడ చెప్పులు కొనుక్కుంటూ, టీ తాగుతూ, తర్వాత ఎటు పోవాలో తేల్చుకోలేక గడిపి వచ్చానంటే మా బందరులో ఒక్కరూ నమ్మలేదు. "అక్కడ మనవాళ్ళెవరున్నారు?" అని అడిగారు. ఎవరూ లేరనే చెప్పాను.

ముందు విమల సంగతి చెప్పాలి. నేను శాఖా గ్రంథాలయంలో పుస్తకాలిచ్చి పుచ్చుకుంటూ రిటైరయిన మనిషిని. విమల మా పక్క వీధిలో ఉండేది, తాలూకాఫీసులో టైపిస్టు. ఇద్దరికీ పెళ్ళిళ్ళు కాలేదు. కారణాలు వేరువేరు, ఇప్పుడు వాటితో పనిలేదు. ఏటా ఒక ఊరు చూసి రావడం మా అలవాటు. టిక్కెట్లు, గదులు, రైలు వేళలు, బేరాలు ఆవిడవి. పులిహోర, మందుల డబ్బా, అలకలు నావి. అలా పదహారు యాత్రలు చేశాం. పదిహేడోది వాళ్ళ వరండాలో కూర్చుని అనుకున్నాం. ధర్మపురి నుంచి గోదావరి పక్కనే మంచిర్యాల దాకా, అక్కణ్ణుంచి రైల్లో చంద్రాపూర్, వార్ధా, నాగపూర్. పోయిన శ్రావణంలో మూడు రోజుల జ్వరంతో విమల వెళ్ళిపోయింది.

మాఘంలో నేను ఒక్కదాన్నే బయల్దేరాను. ధైర్యం అనుకోకండి, మొండితనం.

రెండో రోజునే ధర్మపురిలో నది మెట్ల మీద జారి పడ్డాను. చెప్పు తెగింది, చీలమండ వాచింది. లేవలేక పది నిమిషాలు అక్కడే కూర్చున్నాను. చుట్టూ జనం స్నానాలు చేస్తున్నారు, దీపాలు వదులుతున్నారు. ఎవరూ చెడ్డవాళ్ళు కాదు, నన్ను చూడలేదు అంతే. అప్పుడొక ఆలోచన వచ్చి పట్టుకుంది. నేనిక్కడే ఇలా ఉండిపోతే, రాలేదని ఎవరికి తెలుస్తుంది? గుమ్మంలో పాలపాకెట్లు పేరుకుంటే పాలవాడికి తెలియాలి. కానీ పాలు వద్దని వాడికి నేనే చెప్పి వచ్చాను.

ఆ ఆలోచనతోనే బస్సెక్కాను. ఒక రోజు ఎక్కడైనా ఆగి, కాలు సర్దుకున్నాక తేల్చుకోవాలి. పైకి చంద్రాపూర్ వెళ్ళడమా, కిందికి బెజవాడ రైలెక్కి ఇంటికి పోవడమా. ఇంటికి పోతే మళ్ళీ గడప దాటనని నాకు బాగా తెలుసు.

మంచిర్యాల: గది లేదన్నారు

మంచిర్యాలలో దిగేసరికి సాయంత్రం నాలుగైంది. మొదట అడిగిన లాడ్జిలో గుమాస్తా నా వెనక్కి చూశాడు. నా వెనక ఎవరూ లేరు. "ఒక్కరేనా మేడం?" అన్నాడు. అవునంటే, ఒంటరి ఆడవాళ్ళకు గదులివ్వమని చెప్పాడు. అరవయ్యొక్కేళ్ళ దాన్ని, కాలు కుంటుతున్నదాన్ని, ఏం చేస్తానని భయపడ్డాడో అడుగుదామనుకున్నాను. విమల ఉంటే అడిగేది.

బస్టాండులో ఒక కండక్టరమ్మ నా కాలు చూసి దారి చెప్పింది. "గోదావరిఖనికి పోండ్రి అమ్మా. ఆడ దవాఖాన దగ్గర పేషెంట్ల తాలూకోళ్ళకు ఇండ్లల్ల రూములిస్తరు. మంచిగుంటది." బస్సు గోదావరి వంతెన దాటుతున్నప్పుడు కిటికీ పక్క సీటు అలవాటుగా ఖాళీ ఉంచి ఇటువైపు కూర్చున్నాను. కిటికీ ఎప్పుడూ విమలదే. తర్వాతి స్టాపులో సంచీ నిండా మక్కజొన్న కంకులతో ఒకాయన వచ్చి అందులో కూర్చున్నాడు.

మేకుల బోర్డు

దవాఖాన వెనక సందులో మల్లయ్యగారి ఇల్లు. కింద వాళ్ళు ఉంటారు, పైన రెండు గదులు అద్దెకిస్తారు. పక్కసందు వైపు నుంచి పైకి విడిగా మెట్లున్నాయి. మల్లయ్యగారు బొగ్గుబావి నుంచి రిటైరయిన మనిషి. అక్కడ గనిని బాయి అంటారు. సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ చొక్కాలో, బడి పెద్దపంతులులా ఉన్నాడు. నా పేరు, చేసిన ఉద్యోగం, ఫోను నంబరు రాసుకుని, తాళంచెవి ఇచ్చి, దాంతో పాటు రూపాయి కన్నా కాస్త పెద్ద ఇత్తడి బిళ్ళ ఒకటి చేతిలో పెట్టాడు. దాని మీద 4 అని చెక్కి ఉంది.

వరండా గోడకు ఒక చెక్క బోర్డు, దానికి ఆరు మేకులు. ఒక్కో మేకు కింద ఒక నంబరు.

"బయటికి పోయేటప్పుడు బిళ్ళ గీ మేకుకు తగిలియ్యాలె. వచ్చినంక తీస్కోని మీ దగ్గర పెట్టుకోవాలె. గంతే," అన్నాడు.

"ఎందుకండీ?"

"బోర్డు మీద బిళ్ళ ఉన్నదంటె మనిషి ఇంకా రాలేదన్నట్టు."

నాకు ఒళ్ళు మండింది. ఈ వయసులో హాస్టలు పిల్లలా ఎప్పుడు వెళ్ళిందీ ఎప్పుడు వచ్చిందీ ఒకరికి చెప్పుకోవాలా? కానీ మంచిర్యాల గుమాస్తా గుర్తొచ్చి ఊరుకున్నాను. పై గదిలో రెండు మంచాలున్నాయి. ఒక దాని మీద సంచీ పెట్టి, రెండో దాని మీద పడుకున్నాను. ఎన్ని ఊళ్ళు తిరిగినా పడుకునే ముందు "రేపు ఎన్నింటికి లేవాలి?" అని విమలను అడిగేదాన్ని. ఆ రాత్రి పైకి అడగబోయి నోరు మూసుకున్నాను.

రాజవ్వ పొయ్యి దగ్గర

పొద్దున్నే మల్లయ్యగారి భార్య రాజవ్వ కిందికి పిలిచింది. కమాన్‌పూర్ ఆడపడుచు, మనిషి గుండ్రంగా ఉంటుంది, నవ్వితే ఇల్లంతా వినిపిస్తుంది. వంటింట్లో పీట వేసి, గిన్నెకు అంటించి కాల్చిన సర్వపిండి తీసి పెట్టింది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, పచ్చిమిర్చి, వెల్లుల్లాకు.

"మా వైపు దీన్ని తపాలచెక్క అంటామండీ రాజవ్వగారూ," అన్నాను.

"గారు ఎక్కడిది నాకు?" అని విరగబడి నవ్వింది. "మీకెన్నేండ్లు?"

చెప్పాను.

"నాకన్న రెండేండ్లు చిన్న. ఇగ నువ్వు చెల్లెవు. నన్ను అక్కా అను. గారూ గీరూ అంటె సర్వపిండి పెట్ట."

మా వైపు వరస కలపాలంటే ఇంటిపేరు, గోత్రం, ఎవరి తాలూకా, ఇన్ని విచారణలు జరగాలి. ఇక్కడ వయసు తెలిస్తే చాలు. నాకు అక్క అనడానికి నోరు తిరగలేదు. "సరేనండీ" అన్నాను. ఆవిడ ఇంకో ముక్క వేసింది.

బోర్డు సంగతి కదిపితే చెప్పింది. మల్లయ్యగారు ముప్ఫై మూడేళ్ళు బాయి మీద ల్యాంపు రూములో పనిచేశాడట. షిఫ్టుకు దిగే ప్రతి కార్మికుడూ తన బిళ్ళ అక్కడిచ్చి తలకు కట్టుకునే లైటు తీసుకుంటాడు. పైకొచ్చాక లైటిచ్చి బిళ్ళ తీసుకుంటాడు. మేకుకు బిళ్ళ మిగిలిందంటే ఎవరో ఇంకా లోపలే ఉన్నట్టు.

"రిటైరైనంక బిళ్ళలు లేవని తిక్కతిక్క చేసిండు. ఇంత బోర్డు చేస్కోని గోడకు కొట్టిండు. ఒకటి ఆయనది, రెండు నాది. మూడు మా పిలగాండ్లు వస్తె. కూరగాయలకు పోయినా తగిలియ్యాలె నేను. కోడికి సుత కట్టేటోడు, అది నిలవక బతికిపోయింది."

ఇద్దరం నవ్వుకున్నాం. వెళ్తూ బిళ్ళ నాలుగో మేకుకు తగిలించాను. టంగుమంది. పేపరు చదువుతున్న మల్లయ్యగారు తలెత్తకుండానే "ఆఁ" అన్నాడు.

లక్ష్మీనగర్: చెప్పులు

ఆ రోజు నాకు ఏ పనీ లేదు. రైళ్ళు రెండూ మర్నాడు పొద్దునే. కాబట్టి నింపాదిగా బజారుకు పోయాను. లక్ష్మీనగర్ బజారు మా బందరు బజారు కన్నా నాజూకుగా ఉంటుందని చెప్పడానికి కాస్త కష్టంగానే ఉంది. బట్టల కొట్లు, బంగారం కొట్లు వరసగా ఉన్నాయి. మొదటి షిఫ్టు వాళ్ళు బాయిలో, రాత్రి షిఫ్టు వాళ్ళు నిద్రలో ఉంటారు కాబట్టి పొద్దున పూట బజారంతా ఆడవాళ్ళే. జంటలు జంటలుగా, ముగ్గురేసి, గాజుల దగ్గర చేతులు ఒకరివొకరు పట్టుకుని చూసుకుంటున్నారు. నాకు తోడు కావాలని అంత గట్టిగా అనిపించింది ఆ గాజుల కొట్టు ముందే. గాజులు నేను వేసుకోను కూడా.

చెప్పుల దుకాణం ఆయన నా కాలు చూసి, పాత జత తీసేసి, మెత్తటి అట్టతో ఉన్న నీలం జత తొడిగాడు. "ఒక్కరే వచ్చిన్రా అక్కా?" అన్నాడు. పొద్దుటి నుంచి ఆ ప్రశ్న అది మూడోసారి. నాలుగొందలు చెప్పాడు. ఇచ్చేశాను. ఆయన నోట్లు పట్టుకుని ఇబ్బందిగా నిలబడ్డాడు.

"బేరం చెయ్యరా అక్కా?"

"మాలో బేరం చేసేది మా స్నేహితురాలు. ఆవిడ రాలేదు."

"గట్లైతె ఎట్ల?" అని ఆయనే ఒక యాభై నోటు తీసి వెనక్కిచ్చాడు. "ఆమె ఉంటె గింత తగ్గిస్తుండె గద."

బయటికొచ్చి, ఆ యాభై నోటు మడిచి పర్సులో విడిగా పెట్టాను.

చౌరస్తాలో చాయ

మధ్యాహ్నం చౌరస్తా దగ్గర చాయ హోటల్లో కూర్చున్నాను. చాయకు తోడు మిరపకాయ బజ్జీ. మా వైపు బజ్జీలో వాము కూరుతారు, ఇక్కడ గింజలు తియ్యకుండానే చింతపండు గుజ్జు కూరారు. ఆ సంగతి తెలియక ఒక్కసారిగా కొరికి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. సర్వరు మంచినీళ్ళు తెచ్చాడు. ఆ ఒక్కసారి మాత్రం ఏడుపుకు కారణం ఎవరూ అడగలేదు.

చెప్పుల డబ్బా మూత తిరగేసి, దాని మీద రైళ్ళు రాసుకున్నాను. పైకి బల్లార్షా వైపు, కిందికి బెజవాడ వైపు. ఇంతలో ఎదుటి కుర్చీలో ఒకాయన వచ్చి కూర్చున్నాడు. అడగలేదు, మొహమాటపడలేదు. ఇక్కడ ఖాళీ కుర్చీ అందరిదీ. యాభై ఏళ్ళుంటాయి, చేతిలో స్టీలు క్యారియరు. సెకండ్ షిఫ్టుకు వెళ్తున్నాడట.

"ఏడికమ్మా ప్రయాణం?" అని మూత వైపు తల తిప్పి చదివాడు.

చెప్పాను. ఆయన ఎంతో ఉత్సాహంగా కాళేశ్వరం ఎలా వెళ్ళాలో, మంథనిలో ఎక్కడ దిగాలో, మంచిర్యాల అవతల గుట్ట మీద పాత కోట ఎంత బాగుంటుందో, శివ్వారం దగ్గర మొసళ్ళు ఏ వేళకు ఒడ్డుకు వస్తాయో చెప్పాడు. మూత నిండిపోయింది.

"అన్నీ చూసినట్టున్నారే!"

"నేనెక్కడ సూసిన? డ్యూటీ, ఇల్లు, డ్యూటీ. నా భార్య సూద్దామంటది, నేను రేపంట." క్యారియరు తీసుకుని లేచాడు. "మీరు ఒక్కరే తిరుగుతాన్రు. భయం కాదా?"

"అవుతోంది," అన్నాను. బయటి మనిషితో ఆ మాట అనడం అదే మొదటిసారి. మళ్ళీ కనపడడు కాబట్టి అనగలిగాను.

ఆయన క్యారియరు చెయ్యి మార్చుకున్నాడు. "మాకు సుత దిగేటప్పుడు అయితది. రోజూ అయితది," అని, నా చాయకు కూడా డబ్బులిచ్చేసి వెళ్ళిపోయాడు.

రెండు తువ్వాళ్ళు

దారిలో బట్టల కొట్టొకటి కనబడితే తువ్వాలు కోసం ఎక్కాను. కొట్టాయన వాళ్ళ నాన్నది రేపల్లె దగ్గరట, ఈయన ఇక్కడే పుట్టాడు. నా మాట వినగానే కళ్ళు పెద్దవి చేసుకుని, "మీది బందరు సైడా? మా నాయనమ్మ అచ్చం గిట్లనే మాట్లాడుతుండె!" అన్నాడు. తెల్లది చూపించమంటే చూపించలేదు.

"తెల్లది తీస్కోకుండ్రి. ఈడ తీగ మీద ఆరేస్తె బొగ్గు దుమ్ముకు నాలుగు రోజుల్ల బూడిద రంగైతది. అందుకే మా దగ్గర అందరు ముదురు రంగులే కొంటరు."

నేను వెళ్ళిపోయే మనిషినన్నా వినలేదు. ఆయన మాట్లాడుతుండగానే ఎక్కడో భూమి అడుగున బరువైన సామాను జరిపినట్టు శబ్దమైంది. కొట్టు అద్దాలు గలగలలాడాయి. నేను బల్ల పట్టుకున్నాను. ఆయన మాట ఆపకుండానే ఎడమచేత్తో అద్దాల అలమార తలుపు అదిమి పట్టుకుని, శబ్దం ఆగాక వదిలేశాడు.

"ఓపెన్‌కాస్టు బాయిల బొగ్గు కోసం బ్లాస్టింగ్. రోజూ ఈ టైముకే. దాన్ని బట్టే నేను బువ్వ తింట."

ముదురు ఆకుపచ్చ తువ్వాలు ఎంచుకున్నాను. "రెండివ్వండి," అన్నాను. రెండు కట్టి చేతికిచ్చాడు. మెట్లు దిగాక గాని నాకు తెలియలేదు. ఏ ఊళ్ళో ఏది కొన్నా మేము రెండు కొంటాం. రోడ్డు మీద నిలబడి పొట్లం చూసుకున్నాను. వెనక్కి ఇద్దామంటే కాళ్ళు కదల్లేదు. ఎవరికోసం కొన్నారని అడిగితే చెప్పాల్సి వస్తుంది. అప్పుడే అక్కడే నిర్ణయం జరిగిపోయింది. ఇంటికి పోతాను. పొద్దున బెజవాడ రైలెక్కుతాను. ఈ తిరుగుడు ఇద్దరు మనుషుల పని, ఒక్కదానితో కాదు.

బోర్డు చెప్పిందే నిజం

ఇంటికొచ్చేసరికి మూడైంది. వరండా గ్రిల్లుకు లోపల్నుంచి గడియ ఉంది. రాజవ్వ కునుకు తీస్తున్నట్టుంది. పిలవడం ఎందుకని పక్కసందు మెట్ల మీదుగా పైకి వెళ్ళాను. కొత్త చెప్పులు పరాయి ఊళ్ళో గుమ్మం బయట విడవకూడదని విమల చెప్పేది. లోపలికి తీసుకెళ్ళాను. ఫోను ఎప్పుడో ఆగిపోయింది, చార్జింగుకు పెట్టి దుప్పటి కప్పుకున్నాను. ఏడ్చాననే చెప్పాలి. ఏడ్చి నిద్రపోయాను.

లేచేసరికి కిటికీ చీకటిగా ఉంది. ఏడు దాటింది. మొహం కడుక్కుని కిందికి దిగాను. వరండాలో రాజవ్వ ఒక్కతే పీట మీద కూర్చుని వెల్లుల్లి పొట్టు తీస్తోంది. నన్ను చూసి చేట కింద పెట్టేసింది.

"నువ్వు ఏడికెళ్ళి వస్తానవ్ చెల్లె?"

"పైనుంచి. మూడింటి నుంచీ పడుకునే ఉన్నాను."

ఆవిడ నా వంక, బోర్డు వంక చూసింది. నాలుగో మేకుకు నా బిళ్ళ వేలాడుతోంది. దానికి ఎడంగా ఒకటో మేకుకు ఇంకోటి.

"ఆయన నిన్ను ఎతుకబోయిండు. ఆరుకు బోర్డు సూసిండు, నీ బిళ్ళ ఉన్నది. నీకు మూడుసార్లు ఫోన్ చేసిండు, బందున్నదన్నది. ఇగ చొక్కా వేస్కోని పోయిండు."

"పైకొచ్చి తలుపు కొట్టొచ్చు కదా!"

"నేను అన్న. మెట్లెక్కి సూసిన, చెప్పులు లేవు. అయినా తలుపు కొడ్తనంటె వద్దన్నడు. బిళ్ళ ఈడుంటె మనిషి ఆడెట్ల ఉంటది అన్నడు."

నాకు నవ్వు రావాలి, రాలేదు. పదిహేను మెట్లు ఎక్కి తలుపు తట్టడానికి బదులు ఒక ముసలాయన ఊరంతా తిరుగుతున్నాడు. ఫోను చేద్దామంటే, ఆయన ఫోను టీవీ మీదే ఉంది.

రాజవ్వ మళ్ళీ చేట అందుకుని చెప్పింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకసారి షిఫ్టు అయిపోయాక ఒక బిళ్ళ మిగిలిందట. ఎవడో మర్చిపోయి లైటు ఇంటికి పట్టుకుపోయాడనుకుని, రాసిపెట్టి, ఈయన ఇంటికొచ్చి అన్నం తిన్నాడు. చేయి కడుక్కుంటుంటే అనుమానం వచ్చి వెనక్కి పరిగెత్తాడు. ఆ మనిషి లోపల కాలు విరిగి, ఒక మూల నాలుగు గంటలు కూర్చుని ఉన్నాడు. లైటు సన్నగిల్లిపోయింది.

"బతికిండు. మంచిగున్నడు. ఆయన బిడ్డనే మా కోడలు," అని నవ్వింది. "కని ఆనాటి సంది బోర్డు ఖాళీ కానిదె ఈయన అన్నం ముట్టడు. రిటైరైనా గంతే."

నేను మెట్టు మీద కూర్చున్నాను. ఒకటో నంబరు బిళ్ళ వైపు చూస్తూ గంట గడిపాను. సందులో ఏ అడుగు చప్పుడైనా లేచి చూశాను. నా గురించి భయపడే మనిషి కోసం నేను భయపడుతూ కూర్చున్నాను. ఎవరి కోసమైనా అలా వాకిట్లో ఎదురుచూసి ఎన్నాళ్ళయిందో లెక్క వేసుకున్నాను. శ్రావణం నుంచి.

ఎనిమిదిన్నరకు మల్లయ్యగారు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా చెమటకు తడిసిపోయింది. నన్ను చూశాడు. వీధి కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కుని, కుర్చీలో కూర్చుని, డ్యూటీ రిపోర్టులా చెప్పాడు.

"లక్ష్మీనగర్ల నీలం చెప్పులు కొన్నరు. బేరం చెయ్యలేదు. చౌరస్తాల బజ్జీ తిని ఏడ్చిన్రు. డబ్బా మూత మీద రైళ్ళు రాస్కున్నరు. బట్టల దుకాణంల రెండు తువ్వాలలు కొన్నరు, ఆకుపచ్చయి. బయట నిలబడి పొట్లం దిక్కు చాలసేపు సూసిన్రట. దుకాణపాయనకు మనసున పట్టలేదట, పిలుద్దామనుకున్నడట. ఆన్నించి ఎవ్వలకు తెల్వలే. బస్టాండుకు పోయిన. మీరు బస్సెక్కలే. అప్పుడు దవాఖానల సుత అడిగి వచ్చిన."

ఎవరూ చూడలేదనుకున్న నా రోజంతా ఆయన దుకాణం దుకాణం తిరిగి ఏరుకొచ్చాడు. బట్టల కొట్టాయన నన్ను చూస్తూనే ఉన్నాడట. నాకు ఎంత సిగ్గేసిందో, ఎంత ఊరట కలిగిందో రెండూ ఒకేసారి చెప్పలేను.

"తప్పయిపోయింది మల్లయ్యగారూ. బిళ్ళ తీసుకోవడం మర్చిపోయాను."

"ఇంత సదువుకున్నోళ్ళు. పుస్తకాలిచ్చి తీస్కునే పని చేసిన్రు. వాపసు రాని పుస్తకం ఉంటె మీకు నిద్ర పట్టిందా?" అన్నాడు. అప్పుడు గొంతు కాస్త లేచింది. లేచి బోర్డు దగ్గరికి వెళ్ళి, నాలుగో బిళ్ళ తీసి నా అరచేతిలో పెట్టాడు. ఒకటోది తీసి జేబులో వేసుకున్నాడు. "ఇగ అన్నం పెట్టు," అన్నాడు రాజవ్వతో.

ముగ్గురం కలిసి తిన్నాం. వంకాయ కూర, పచ్చిపులుసు. పచ్చిపులుసు ఇంకొంచెం వెయ్యమని అడగడానికి "అక్కా" అన్నాను. రాజవ్వ గమనించనట్టే వేసింది. రెండో తువ్వాలు ఆవిడకిచ్చాను. అది ఎవరిదో కూడా చెప్పాను. తీసుకుని భుజాన వేసుకుంది, వద్దనలేదు.

రామగుండం స్టేషను

పొద్దున గది ఖాళీ చేసి, సంచీతో కిందికి దిగాను. బిళ్ళ ఆయన చేతికివ్వబోయాను. గది వదిలేవాళ్ళ బిళ్ళలు డబ్బాలో వెయ్యడం అక్కడి పద్ధతి.

"ఎటు పోతాన్రు? పైకా, ఇంటికా?" అన్నాడు.

జవాబు నా దగ్గర సిద్ధంగానే ఉంది. బట్టల కొట్టు మెట్ల కింద తేల్చుకున్నదే. కానీ బిళ్ళ ఇంకా నా చేతిలోనే ఉంది.

"పైకి," అన్నాను. "చంద్రాపూర్. తర్వాత వార్ధా, నాగపూర్. పదకొండు రోజులు."

"గట్లైతె డబ్బాల ఎందుకు? పదకొండు రోజులు గడువు, అందాక అన్నం తింట. బోర్డుకు తగిలియ్యుండ్రి."

తగిలించాను. టంగుమంది. ఈసారి ఆయన పేపరు పక్కన పెట్టి, "ఆఁ" అన్నాడు.

స్టేషన్లో బల్లార్షా వైపు రైలు ఇరవై నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. కిటికీ పక్క సీటు దొరికింది. కాసేపు తటపటాయించి అందులో కూర్చున్నాను.

ఆ పదకొండు రోజుల సంగతి ఇక్కడ చెప్పను. ఒంటరితనం పోలేదు. ప్రతి భోజనంలో ఉంది, ప్రతి గదిలో రెండో మంచం మీద ఉంది. చంద్రాపూర్ కోటగోడ దగ్గర మళ్ళీ కాలు మడత పడి కాసేపు కూలబడ్డాను. కానీ ధర్మపురి మెట్ల మీద వచ్చిన ఆలోచన మాత్రం రాలేదు. రాజవ్వ పొద్దున్నే వరండా ఊడుస్తూ ఆ మేకు వైపు ఒకసారి చూస్తుందని నాకు తెలుసు.

తిరుగు ప్రయాణంలో రైలు రామగుండం దాటేటప్పుడు నేను నిద్రలో ఉన్నాను. బందరు ఇంటి తాళం తీసి, సంచీ దించి, దీపం వేసి, ముందుగా ఆయనకే ఫోన్ చేశాను.

"నాలుగో నంబరండీ. ఇంటికి వచ్చేశాను."

"ఒక్క నిమిషం," అన్నాడు. కుర్చీ జరిగిన చప్పుడు, అడుగులు, ఆ తర్వాత మేకు మీంచి బిళ్ళ తీసిన చిన్న టంగుమనే చప్పుడు వినిపించాయి.

"ఆఁ, తీసిన," అన్నాడు మల్లయ్యగారు. తర్వాత ఫోను పక్కకు పెట్టి లోపలికి కేకేశాడు.

"రాజవ్వా, చెల్లె ఇల్లు చేరింది. అన్నం పెట్టు."